కొల్లేటి బడి పెద్ద టీచరుగారు

పోయిన నెల ఏలూరు సమాధుల తోటలో పాస్టరు గారు ఆవిడ గురించి చెప్పిందంతా నిజమే. ఎక్కడ పుట్టారు, ఎక్కడ ట్రైనింగ్ అయ్యారు, ఎన్నేళ్ళు సర్వీసు చేశారు, అన్నీ వరసగా చదివారు. తప్పు ఒక్కటీ లేదు. కాని అందులో ఆవిడ లేరు. నాకు ఒళ్ళు మండింది. పక్కనే ఉన్న ఆవిడ చెల్లెలు నా చెయ్యి గట్టిగా పట్టుకోబట్టి ఊరుకున్నాను గానీ, లేకపోతే ఆ కాగితం లాక్కుని, "అది కాదండీ, ఆవిడ జడలు వేసేవారు, అక్కణ్ణించి మొదలుపెట్టండి" అని అనేసేదాన్ని.

అక్కడ అనలేకపోయాను కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

మా బడి ఏలూరులో కొల్లేటి వైపు వెళ్ళే రోడ్డు మీద, ఊరు అయిపోతుందనగా ఉండేది. మిషను దొరల కాలంలో కట్టిన పెంకుల బడి. జీతాలు ప్రభుత్వం ఇచ్చేది, పెత్తనం చర్చి సొసైటీ చేసేది. ఎయిడెడ్ బడి అంటే అదే. నేను తెలుగు టీచరుగా చేరడానికి వెళ్ళిన రోజు పొద్దున్న ఆఫీసు గదిలో ఎవరూ లేరు. వరండా మెట్ల మీద ఒక పెద్దావిడ కూర్చుని, కింద మెట్టు మీద ఒక పిల్లని కూర్చోబెట్టుకుని తలకి కొబ్బరి నూనె రాస్తున్నారు. ఆ వెనకాల ఇంకొందరు ఆడపిల్లలు జుట్టు విరబోసుకుని వరసలో నిలబడి ఉన్నారు. ఆయమ్మ కాబోలనుకున్నాను. హెడ్‌మిస్ట్రెస్ గారు ఎక్కడున్నారమ్మా అని అడిగాను. ఆవిడ తల ఎత్తకుండానే, "ఈ జడ అవ్వగానే వచ్చేస్తారండీ, నిలబడ్డారేం, కూర్చోండి" అన్నారు. జడ అల్లుతూ ఆ పిల్లని ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ అడుగుతున్నారు. పిల్ల మధ్యలో తడబడింది. జడని కొంచెం గుంజి, "రెండు ఏబీ ఏదమ్మా, ఇంటి దగ్గర పెట్టి వచ్చావా?" అన్నారు. పిల్ల నవ్వి సరిగ్గా చెప్పింది. రిబ్బను బిగించి, నూనె చేతులు పైట చెంగుకి తుడుచుకుని లేచి, "రండి, నేనేనండీ" అన్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడకి మాత్రం అందులో వింతేమీ కనబడలేదు.

రోజూ అంతే. ప్రార్థన గంట కొట్టేదాకా మెట్ల మీద జడలు, లెక్కలు. కొల్లేటి లంకల నించి వచ్చే పిల్లల జుట్టు ఎండకీ నీళ్ళకీ ఎర్రబడి, చిక్కులు పడిపోయి ఉండేది. తల్లులు తెల్లారకుండా చేపల చెరువుల మీద పనికి పోయేవారు, జడలెవరు వేస్తారు? మగపిల్లలు ఆవిడకి దొరక్కుండా గోడ వారగా జారుకునేవారు. ఆలస్యంగా వచ్చి దొరికిపోయినవాణ్ణి ఆవిడ తిట్టేవారు కాదు. "ఏవండీ అల్లుడుగారూ, ఇప్పుడా రావడం, కాఫీ పుచ్చుకుంటారా, లెక్క చేస్తారా?" అని మర్యాదగా అడిగేవారు. ఆ మర్యాద కంటే బెత్తం దెబ్బలే నయమని పిల్లలు మాతో వాపోయేవారు.

కొల్లేటి తల్లిదండ్రులకి కృతజ్ఞత చెప్పడానికి తెలిసిన పద్ధతి ఒక్కటే. కొర్రమేను తెచ్చి ఇవ్వడం. అదీ బతికున్నది. ఆవిడ వద్దనేవారు కాదు, వద్దంటే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారని. దాన్ని బకెట్లో వేసి స్టాఫ్ రూములో మూలకి పెట్టేవారు. నేను పక్క గదిలో పద్యం చెబుతుంటే అది బకెట్లో ఎగిరెగిరి పడుతూ ఉండేది. పద్యానికి తాళం వేస్తోందని పిల్లలు పడీపడీ నవ్వేవారు. ఒకసారి ఇన్‌స్పెక్షనుకి వచ్చిన పెద్దమనిషి కుర్చీ కిందికే ఒక కొర్రమేను దూరింది. ఆయన కాళ్ళు పైకెత్తుకుని కూర్చుంటే, పెద్ద టీచరుగారు వంగి, చేపని ఒడుపుగా పట్టుకుని, "మా ఎనిమిదో తరగతి పిల్లాడి ఫీజండీ" అన్నారు. మేము పిల్లలందరం ఆవిణ్ణి పెద్ద టీచరుగారనే పిలిచేవాళ్ళం. పిల్లలందరం అన్నాను, సరే, అలాగే ఉండనివ్వండి. ఆవిడ ముందు మేమూ పిల్లలమే.

నేను చేరినప్పుడు బడిలో అన్ని రకాల పిల్లలూ ఉండేవారు. తివాచీలు నేసే ముస్లింల పిల్లలు, బజారు దుకాణాల వాళ్ళ పిల్లలు, రైల్వే గుమాస్తాల పిల్లలు, దెందులూరు వైపు నించి సైకిళ్ళ మీద వచ్చే రైతుల పిల్లలు, మా చర్చి పేట పిల్లలు. కొల్లేటి పిల్లలు వెనక బెంచీల మీద కొద్దిమంది. తర్వాత పసుపు రంగు వ్యాన్లు వచ్చాయి. ముందు దుకాణాల వాళ్ళ పిల్లలు మెడకి టై కట్టుకుని వ్యానెక్కారు. ఆ మరుసటేడు గుమాస్తాల పిల్లలు. ఆ తర్వాత అప్పో సప్పో చేసి తివాచీల వాళ్ళు కూడా. మా టీచర్లలో సగం మంది పిల్లలు ఆ వ్యాన్లలోనే వెళ్ళేవారు. బడి గేటు ముందు నించి వ్యాను పోతుంటే పెద్ద టీచరుగారు మెట్ల మీద కూర్చునే, అందులో ఉన్న మా పాత పిల్లల్ని పేర్లు పెట్టి పిలిచి చెయ్యి ఊపేవారు. వాళ్ళు మొదట్లో తిరిగి ఊపేవారు. తర్వాత తర్వాత తల అవతలికి తిప్పుకునేవారు. ఆవిడ ఊపడం మానలేదు. నాకు చూడబుద్ధి అయ్యేది కాదు.

చివరికి మిగిలింది కొల్లేటి పిల్లలు, పేట పిల్లలు. ఊళ్ళో వాళ్ళు మా బడి పేరు మర్చిపోయి కొల్లేటి బడి అనడం మొదలుపెట్టారు. అది మెచ్చుకోలు కాదని వేరే చెప్పక్కర్లేదు. ఏటా ఆఫీసు నించి ఒక ఫారం వచ్చేది, ఎస్సీలెందరు, బీసీలెందరు, మైనారిటీలెందరు, ఆడెందరు, మగెందరు అని. ఆవిడ అన్నీ నింపి పంపి, గుమాస్తాతో అనేవారు. "తల్లిదండ్రులు ఊళ్ళో ఉన్నవాళ్ళెందరు, చెరువుల కాపలాకి పోయినవాళ్ళెందరు అని ఎప్పుడూ అడగరేమండీ? పిల్ల చదువుతుందో లేదో దాన్ని బట్టే కదా ఉంటుంది." గుమాస్తా ఏం చెబుతాడు? ఆ గడి లేదండీ అనేవాడు.

మేలో మా టీచర్లందరం గొడుగులు పట్టుకుని ఊళ్ళ మీద పడేవాళ్ళం. పిల్లల్ని చేర్పించమని ఇంటింటికీ తిరిగి అడగాలి. దాన్ని క్యాన్వాసింగ్ అనేవారు, ఓట్లకి తిరిగినట్టు. పిల్లల సంఖ్య తగ్గితే పోస్టులు పోతాయి. అందుకని మేమందరం స్ట్రెంత్, స్ట్రెంత్ అని కలవరించేవాళ్ళం. ఆవిడకి ఆ మాటంటే చిరాకు. "స్ట్రెంత్ ఏమిటండీ, పిల్లలు అనండి" అనేవారు. ప్రైవేటు బళ్ళ వాళ్ళూ అదే ఎండలో, మోటారు సైకిళ్ళ మీద తిరిగేవారు. వాళ్ళు చిన్న తరగతుల్లో పిల్లలకి పరీక్ష పెట్టి, బాగున్న వాళ్ళని ఉంచుకుని మిగతా వాళ్ళని మా వైపు పంపేవారు. మళ్ళీ తొమ్మిదో తరగతి కాగానే మా దగ్గరున్న మంచి పిల్లల్ని ఫ్రీ సీటు, ఫ్రీ హాస్టలు ఇస్తామని ఎత్తుకుపోయేవారు. పదో తరగతి రిజల్ట్సు వచ్చేసరికి ఆ పిల్ల ఫోటో వాళ్ళ ఫ్లెక్సీ మీద, మా పాస్ పర్సెంటేజి మా కరస్పాండెంటు గారి నోట్లో.

"వాళ్ళు ఏరుకుంటారండీ, మనం ఏరం. అంతే తేడా," అనేవారు పెద్ద టీచరుగారు. కోపంగా కాదు, ఎవరో వర్షం పడుతోందని చెప్పినట్టు చెప్పేవారు.

కరస్పాండెంటు గారు, అదే సొసైటీ తరఫున బడి చూసుకునే ఆయన, చెడ్డవారు కాదు. సొసైటీ వారు ఆయన మెడ మీద కూర్చునేవారు, ఆయన మా మెడ మీద కూర్చునేవారు. ఒక మీటింగులో ఆయన మెల్లగా ఒక ఉపాయం చెప్పారు. మొద్దు పిల్లల చేత పరీక్ష ఫీజు బడి పేరు మీద కాకుండా ప్రైవేటుగా కట్టిస్తే వాళ్ళ ఫెయిలు మన లెక్కలోకి రాదు, అందరూ అదే చేస్తున్నారు అని. పెద్ద టీచరుగారు ఆయన చెప్పడం పూర్తయ్యేదాకా ఆగి, "అయిదేళ్ళు మన బళ్ళో కూర్చున్న పిల్ల, పరీక్ష రోజుకి మన పిల్ల కాదంటే ఏ మొహం పెట్టుకుని చెప్పనండీ దానితో?" అన్నారు. అయితే ఈసారి పర్సెంటేజి రాకపోతే ఎయిడ్ నిలబెట్టడం నావల్ల కాదు అన్నారాయన. సరేనండీ అన్నారావిడ. అప్పుడు ఆవిడ మనసులో ఉన్నది దుర్గ.

దుర్గ వాళ్ళది కొల్లేట్లో ఒక లంక. తండ్రి చేపల చెరువు మీద కాపలా ఉండేవాడు. పిల్ల నల్లగా, బక్కగా ఉండేది, ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు, లెక్క ఇస్తే మాత్రం ముందు నవ్వేది, తర్వాత చేసేది. పెద్ద టీచరుగారి క్లాసులో నేను వెనక కూర్చుని చాలాసార్లు చూశాను. మిగతా పిల్లలకి బోర్డు మీద చెబుతూ ఆవిడ మధ్యమధ్యలో దుర్గ వైపు చూసేవారు, తప్పు చేశానేమో అన్నట్టు. ఆ క్లాసులో దుర్గతో పాటు లంకల నించి వచ్చిన మరికొందరు కూడా బాగా చదివేవారు. ఆ ఏడాది ఎలాగైనా గట్టెక్కుతామని ఆవిడ ఆశ వాళ్ళ మీదే.

తొమ్మిది అయిపోగానే ఏలూరులో ఒక ప్రైవేటు బడి వాళ్ళు దుర్గ ఇంటికి వెళ్ళారు. ఫ్రీ సీటు, హాస్టలు, బట్టలు కూడా. తండ్రి ఒప్పుకున్నాడని తెలిసి పెద్ద టీచరుగారు నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు. అప్పుడు దారి సులభం. చెరువుల గట్ల మీద నించి సైకిళ్ళూ మోటారు సైకిళ్ళూ తిరిగేవి. తారు రోడ్డు దిగితే గట్ల మీదే లంక దాకా వెళ్ళిపోవచ్చు. ఆవిడ వాళ్ళ గుమ్మంలో నులక మంచం మీద కూర్చుని, ఇచ్చిన మజ్జిగ తాగి, తండ్రితో ఒక్కటే మాట అన్నారు. "ఈ పిల్లని నాకు ఉంచండి బాబూ. దీని టెంత్ పూచీ నాది." ఆయన, "మీరంతటివారు వచ్చి అడిగారు కదండీ" అన్నాడు. తిరిగి వస్తూ ఆవిడ గట్టు మీద చిన్నపిల్లలా వడివడిగా నడిచారు. నేను వెనకబడిపోయాను.

ఆ వేసవిలోనే పొక్లెయిన్లు వచ్చి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టాయి. సరస్సుని బతికించాలన్నారు. మంచిదే అయ్యుండచ్చు, దాని గురించి నాకంటే తెలిసినవాళ్ళు మాట్లాడతారు. మా బడికి తెలిసింది మాత్రం ఇదీ. కాపలా పనులు పోయాయి, చేపల పట్టుబడి పనులు పోయాయి, గట్లతో పాటు దారులు పోయాయి. వానలు పడ్డాక లంకల చుట్టూ మళ్ళీ నీళ్ళు నిలిచాయి. పిల్లలు దోనెల మీద రోడ్డు దాకా వచ్చి, అక్కణ్ణించి బస్సెక్కి బడికి వచ్చేసరికి మూడో పీరియడు అయ్యేది. చూసి చూసి పెద్ద టీచరుగారు జనవరిలో లంకల పదో తరగతి పిల్లలందర్నీ బళ్ళోనే ఉంచేసుకున్నారు. ఆడపిల్లలు బడి వెనకున్న ఆవిడ ఇంట్లో, మగపిల్లలు వాచ్‌మన్‌తో తరగతి గదిలో. వండి పెట్టేది ఆవిడే. పొద్దున్నా సాయంత్రం లెక్కలు. గ్రాఫు లెక్క తప్పకుండా వస్తుంది, అది వదిలినవాడు నా బిడ్డ కాదు అని రోజూ బెదిరించేవారు. నూనె సీసాలు ఎన్ని అయిపోయాయో.

పరీక్షలు మార్చిలో. ఫాల్గుణమాసంలో కొల్లేటికోట అమ్మవారి జాతర కూడా అప్పుడే. లంకల వాళ్ళకి ఆ జాతరంటే ఏమిటో బయటివాళ్ళకి చెప్పడం కష్టం. ఎక్కడెక్కడికో పనులకి పోయినవాళ్ళు కూడా ఆ రోజుకి వచ్చి మొక్కు చెల్లిస్తారు. ఆ ఏడాది పనులు పోయి, తిండికి కష్టమై ఉన్నారేమో, మొక్కులు ఇంకా ఎక్కువ. జాతర పరీక్షల మధ్యలో ఆదివారం పడింది. సోమవారం లెక్కల మొదటి పేపరు. శనివారం పరీక్ష కాగానే తల్లులు బడికి వచ్చారు, పిల్లల్ని ఒక్క రోజుకి పంపమని. నేను వద్దన్నాను. చదువు మధ్యలో తెగిపోతుందని. దారి సంగతి నాకు తట్టనే లేదు.

పెద్ద టీచరుగారు చర్చికి ఒక్క ఆదివారం తప్పనివారు. అయినా ఆవిడ పంపారు. "ఏడాదంతా నా మాట విన్నారండీ ఈ పిల్లలు. ఒక్క రోజు వాళ్ళమ్మ మాట విననివ్వండి" అన్నారు నాతో. చెప్పి వెళ్ళినవాళ్ళు చెప్పిన వేళకి వస్తారు, మనం బిగిస్తే చెప్పకుండా పోతారు, అదీ ఆవిడ లెక్క. ఏటా అంతే జరిగేది. ఏటా జాతరకి వెళ్ళిన పిల్లలు తెల్లవారుజామున తండ్రుల సైకిళ్ళ వెనక కూర్చుని గట్ల మీద నించి వచ్చేసేవారు, కళ్ళు నిద్రతో మూసుకుపోతున్నా సరే.

ఆ ఏడు గట్లు లేవు. దోనెలు ఉన్నాయి కదా అనుకున్నాం. జనవరిలో పిల్లలు బడికి వచ్చినప్పుడు నీళ్ళు నిండుగా ఉన్నాయి, దోనెలు జారినట్టు వచ్చాయి. అదే మా కళ్ళలో ఉంది. మేమంటే ఊరివాళ్ళం. కొల్లేట్లో పుట్టిన తల్లిదండ్రులకైనా తట్టాలి కదా? తట్టలేదు. వాళ్ళు పెళ్ళిళ్ళయి పిల్లల్ని కన్నదంతా గట్ల మీద నడిచిన కాలంలోనే. ఎండాకాలం ముందు సరస్సు ఎలా ఉంటుందో వాళ్ళ తాతలకి తెలుసు, వీళ్ళు మర్చిపోయారు. శనివారం వెళ్ళేటప్పుడు ఒకచోట దోనెలు నేలకి తగిలి, అందరూ దిగి తోశారట. పిల్లలు దాన్ని ఆటలాగా నవ్వుకుంటూ చేశారట. సోమవారం తెల్లవారుజామున బయల్దేరేసరికి గాలి తిరిగి, ఉన్న కాస్త నీళ్ళనీ అవతలి వైపుకి తోసేసింది. దోనెకి నీళ్ళు చాలవు, కాలికి నేల దొరకదు. తొడల దాకా బురద.

పరీక్ష సెంటరు మా బడి కాదు, ఊళ్ళో ఇంకో బడి. మా ఊరి పిల్లలు లోపలికి వెళ్ళిపోయారు. పెద్ద టీచరుగారు గేటు బయట నిలబడి రోడ్డు చివరికి చూస్తున్నారు. బస్సు వచ్చినప్పుడల్లా నాలుగడుగులు ముందుకి వేసి మళ్ళీ వెనక్కి వచ్చేవారు. గంట కొట్టారు. ఇంకో అరగంట దాకా రానిస్తారు. ఆ అరగంట కూడా అయిపోయింది. గేటు మూశారు. ఆవిడ లోపలికి వెళ్ళి చీఫ్ సూపరింటెండెంటు గారిని బతిమాలారు, దారి లేదండీ, పిల్లలు మంచివాళ్ళండీ, ఇంకొంచెంసేపు చూడండీ అని. ఆయనా టీచరే. రూలండీ, నా చేతుల్లో ఏమీ లేదండీ అన్నాడు.

పిల్లలు ఆ తర్వాత చాలాసేపటికి వచ్చారు. తొడల దాకా నల్లటి బురద, ఎండి పెచ్చులు కడుతోంది. హాల్ టికెట్లు మాత్రం ప్లాస్టిక్ కవర్లో చుట్టి తలకి కట్టుకున్నారు, ఒక్క చుక్క తడవలేదు. దుర్గ అందరికంటే ముందు పరుగెత్తుకుంటూ వచ్చి, మూసిన గేటు చూసి ఆగిపోయింది. ఎవరూ ఏడవలేదు. పెద్ద టీచరుగారు మళ్ళీ లోపలికి వెళ్ళి ఆ పెద్దమనిషిని చెయ్యి పట్టుకున్నంత పని చేసి గేటు దాకా తీసుకొచ్చారు. "ఒక్కసారి వీళ్ళ కాళ్ళు చూడండి బాబూ" అన్నారు. ఆయన చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన్ని కూడా ఏమనడానికి లేదు.

ఆవిడ పిల్లల్ని రోడ్డు పక్క కుళాయి దగ్గరికి తీసుకెళ్ళారు. ఒక్కొక్కరినీ నిలబెట్టి, తనే నీళ్ళు పోస్తూ, కాళ్ళు రుద్ది కడిగారు. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. అంతలో లోపలి నించి మా ఊరి పిల్లలు ప్రశ్నపత్రాలు పట్టుకుని బయటికి వచ్చారు. ఆవిడ ఒకటి తీసుకుని చూశారు. నేనూ భుజం మీద నించి చూశాను. గ్రాఫు లెక్క వచ్చింది. శ్రేఢుల లెక్కలు మెట్ల మీద చెప్పినవే వచ్చాయి. జనవరి నించి ఆవిడ చేయించినవి దాదాపు అన్నీ ఉన్నాయి. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని, ఊరి పిల్లల్ని దగ్గరికి పిలిచి, ఈ పేపరు ఊసు లంకల వాళ్ళ దగ్గర ఎత్తితే ఊరుకోనని చెప్పారు. వాళ్ళు ఎత్తలేదు. ఆ మాత్రం మంచితనం మా పిల్లలకి ఉంది.

మర్నాడు రెండో పేపరు రాశారు. నిద్ర లేక, ఒళ్ళు నొప్పులతో, జ్వరాలతో ఏం రాస్తారు? ఒక్క పేపరు మార్కులతో లెక్కలు పాసవడం ఎవరివల్లా కాలేదు, దుర్గ వల్ల కూడా. మేలో రిజల్ట్సు వచ్చాయి. మా పర్సెంటేజి చెప్పుకోవడానికి కూడా లేదు. సొసైటీ మీటింగులో కరస్పాండెంటు గారు చదువు సంగతి ఎక్కువ మాట్లాడలేదు. పరీక్షల మధ్యలో క్రైస్తవ బడి నించి పిల్లల్ని జాతరకి పంపారట కదా అని మాత్రం అడిగారు. అవునండీ పంపాను అన్నారావిడ. బడి మూసేసి, మా పోస్టుల్ని వేరే ఎయిడెడ్ బళ్ళకి సర్దారు. నాది తాడేపల్లిగూడెం వచ్చింది. ఆవిడకి సర్వీసు కొద్దిగానే మిగిలింది, సెలవు పెట్టేశారు.

టీసీలు రాస్తున్న వారంలో ఒక రోజు పొద్దున్న నా దగ్గరికి వచ్చి, దుర్గ వాళ్ళింటికి వెళ్దాం వస్తారా అన్నారు. సప్లిమెంటరీ పరీక్ష దగ్గరికి వచ్చింది. ఒక్క లెక్కలే కదా, రెండు వారాలు పిల్లని తన దగ్గర ఉంచుకుంటే చాలు. బస్సు దిగి చూస్తే కొల్లేరు ఎండిపోయి ఉంది. దోనెలు కూరుకుపోయిన చోట నేల బీటలు తీసి, రాయిలాగా గట్టిగా ఉంది. చెప్పులు వేసుకుని తిన్నగా నడిచి వెళ్ళాం. లంకలో సగం ఇళ్ళకి తాళాలు. దుర్గ వాళ్ళ గుమ్మం ముందు ట్రాక్టరు ఆగి ఉంది. గిన్నెలు, మంచం, గోనె సంచులు ఎక్కిస్తున్నారు. నెల్లూరు వైపు రొయ్యల చెరువుల మీద కుటుంబమంతటికీ పని దొరికిందట.

ఆవిడ దుర్గ తండ్రి దగ్గరికి వెళ్ళి అడిగారు. పిల్లని రెండు వారాలు నాకు వదలండి, పరీక్ష రాయించి నేనే స్వయంగా నెల్లూరు తీసుకొచ్చి అప్పజెబుతాను అని. ఆయన చేతిలో ఉన్న సంచి కింద పెట్టాడు. తల దించుకునే, చాలా మర్యాదగా అన్నాడు.

"మీ మాట మీద ఒకసారి ఉంచామండి."

అంతే. అందులో నిష్ఠూరం కూడా లేదు. ఉంటే ఆవిడ తట్టుకునేవారేమో. దుర్గ లోపలి నించి బిందె ఎత్తుకుని వచ్చింది. టీచరుగార్ని చూసి బిందె దించి, పక్కకి వచ్చి నిలబడింది. జుట్టు మళ్ళీ చిక్కులు పడి ఉంది. ఆవిడ చెయ్యి అలవాటుగా పైకి లేచి ఆగిపోయింది. పిల్ల ఇన్నాళ్ళూ అడగాలని ఉన్నది అడిగింది.

"మొదటి పేపర్లో మీరు చెప్పిన లెక్కలు వచ్చాయాండి, టీచరుగారూ?"

నేను ఆవిడ మొహం చూడలేక ట్రాక్టరు వైపు చూశాను.

"లేదమ్మా," అన్నారు పెద్ద టీచరుగారు. "ఒక్కటి కూడా రాలేదు. గ్రాఫు కూడా తిరగేసి ఇచ్చాడు. చాలా కష్టంగా ఉంది పేపరు."

దుర్గ మొహంలో ఏదో బరువు దిగిపోయినట్టయింది. నెలల తర్వాత మొదటిసారి నవ్వింది. "అయితే నేను వేళకి వచ్చినా ఫెయిలే అయ్యేదాన్నండీ," అంది. తర్వాత బిందె ఎత్తుకుని వెళ్ళి ట్రాక్టరు ఎక్కింది. ఆ బీటల నేల మీద ట్రాక్టరు ఎగిరెగిరి పడుతూ వెళ్ళిపోయింది. పిల్ల కనబడినంతసేపూ చెయ్యి ఊపింది.

తిరిగి బయల్దేరాం. తారు రోడ్డు ఎక్కాక బస్సు కోసం కల్వర్టు గోడ మీద కూర్చున్నాం. పిల్ల మనసు తేలికపడింది, మంచి పనే చేశారు అని నేను ఏదో ఓదార్పుగా అన్నాను. ఆవిడ నా వైపు తిరిగారు. అన్నేళ్ళలో ఎప్పుడూ నేను ఆవిడ కళ్ళలో నీళ్ళు చూడలేదు.

"అయిదేళ్ళు దానికి లెక్కలొచ్చని చెప్పానండీ," అన్నారు. "ఇవాళ రావని చెప్పి పంపించేశాను."